బోరులో ఉప్పు ఎక్కడిది?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఎండాకాలంలో నన్ను నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ నీటి పరీక్షల ప్రయోగశాలకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంటు కెమిస్టు. కాగితం మీద నాకు పైన ఒక సీనియర్ కెమిస్టు, కింద ముగ్గురు సిబ్బంది. నేను వెళ్లేసరికి పై కుర్చీ ఖాళీ, కింద మిగిలింది నర్సింలు అనే ఫీల్డు అసిస్టెంటు ఒక్కడే. ఊళ్లు తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చేది అతను, పరీక్షించి సంతకం పెట్టేది నేను, సీసాలు కడిగేది ఇద్దరిలో ఎవరికి ముందు విసుగొస్తే వాళ్లు. అప్పటికింకా జిల్లాలు విడదీయలేదు కాబట్టి అచ్చంపేట అవతల నల్లమల అంచున బోరు వేసినా ఆ సీసా మా బల్ల మీదికే వచ్చేది.

ఈ పని తెలియనివారికి ఒక మాట చెప్పాలి. నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూడటానికి మేం రుచి చూడం, కరెంటు పారించి చూస్తాం. మీటరుకు ఒక తీగ, తీగ చివర చిన్న గాజు గొట్టం, అందులో ఎదురెదురుగా రెండు రేకులు ఉంటాయి. దాన్ని నీళ్లలో ముంచితే రేకుల మధ్య కరెంటు పారుతుంది. వట్టి నీళ్లు కరెంటును దాదాపు మోయవు. మోసేది అందులో కరిగిన లవణాలే. ఆ మోత ఎంతో మైక్రోసీమెన్స్ అనే కొలతలో మీటరు చూపిస్తుంది. ఆ అంకెలో సుమారు మూడింట రెండు వంతులు తీసుకుంటే లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయో తెలుస్తుంది. ఇప్పుడు జనం టీడీఎస్ అంటున్నది దీన్నే. పెన్నులాంటి మీటర్లు బజార్లో వచ్చాక మా మరిది ఒకటి కొని, పెళ్లి భోజనంలో చారులో ముంచి "వదినా, గిది తాగొచ్చా?" అని అడిగాడు. చారు తాగమని, మీటరు పారేయమని చెప్పాను.

అచ్చంపేటకు అవతల ఒక ఊరు. పేరు రాయను, అక్కడివాళ్లు ఇంకా నన్ను పలకరిస్తారు. అరవై పైచిలుకు ఇళ్లు. ఊళ్లో పాత బోర్లన్నీ ఫ్లోరైడు. నది నీళ్ల పైపు ఇంకా రాలేదు. తాగడానికి ఖాజా అనే అతని ట్యాంకరే దిక్కు. అతను ఆ ఊరివాడే. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు పక్క ఊరి బావి నుంచి తెచ్చి పోసేవాడు. అందరూ అతన్ని ఖాజా భాయ్ అనేవాళ్లు.

అంతకుముందు రెండేళ్లలో ఆ ఊళ్లో రెండు బోర్లు పడ్డాయి. రెండింట్లోనూ మొదట నీళ్లు దుంకాయి, నెల తిరక్కుండానే ఎండాయి. మూడోది ఆ వేసవిలో ఊరి చివర మిట్ట మీద వేశారు. నీళ్లు బాగా పడ్డాయి. బోరు వేశాక గాలి కొట్టి లోపలి బురదంతా బయటికి తోస్తారు, దాన్ని ఫ్లషింగ్ అంటారు. ఆ రోజు నర్సింలు అక్కడే ఉండి చేతి మీటరుతో చూస్తే ఎనిమిది వందల దగ్గర చూపించింది. ఫ్లోరైడు కూడా హద్దులోనే ఉంది. ఆ ప్రాంతంలో అలాంటి నీళ్లంటే పండగే. మా నివేదిక రాగానే మోటారు బిగించాలని ఏఈ సిద్ధంగా ఉన్నాడు. ఏఈ అంటే అసిస్టెంటు ఇంజనీరు, ఆ మండలంలో తాగునీళ్ల బాధ్యత అతనిది. తెల్లచొక్కా కుర్రాడు, మాట మాత్రం పెద్దది.

నివేదికకు కావలసిన నమూనా కోసం నర్సింలు కొన్ని రోజుల తర్వాత మళ్లీ వెళ్లాడు. మోటారు లేదు కాబట్టి తాడుకు సీసా కట్టి, బోరు గోడ కూలకుండా బిగించే కేసింగు పైపులోకి దింపి, నిలవ ఉన్న నీళ్లే పట్టుకొచ్చాడు. ఆ సీసాలో మీటరు ముంచితే ఐదు వేల ఎనిమిది వందలు చూపించింది.

నేను మొదట నమ్మింది మీటరు చెడిపోయిందని. డిస్టిల్డ్ వాటరుతో గొట్టాన్ని మూడుసార్లు కడిగాను. పొటాషియం క్లోరైడు ద్రావణంలో పెట్టాను. దాని విలువ ముందే తెలిసి ఉంటుంది, మా తూకం రాయి అదే. సరిగ్గా చూపించింది. నీళ్లు వేడిగా ఉంటే అంకె పెరుగుతుంది కాబట్టి సీసాను నీడలో చల్లార్చి మళ్లీ చూశాను. అదే అంకె. నర్సింలు మీద విరుచుకుపడ్డాను, సీసా దేనికి వాడావని. "అమ్మతోడు మేడం, కొత్త సీసా. బోరు నీళ్లతోనే మూడుసార్లు కడిగి పట్టిన" అన్నాడు. అతను అబద్ధమాడే మనిషి కాదు.

మరో దిక్కు లేని ఊరికి లీటరుకు రెండు వేల మిల్లీగ్రాముల లవణాల దాకా ఒప్పుకుంటాం. ఇవి అంతకు దాదాపు రెట్టింపు. నేను 'తాగడానికి పనికిరావు' అని రాస్తే బోరు మూత వేసి సీలు చేస్తారు, మోటారు జాబితాలో తర్వాతి ఊరికి పోతుంది. మళ్లీ ఈ ఊరి వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆ ఉప్పులో ఏముందో విడివిడిగా చూశాను. భూమిలోంచి వచ్చే ఉప్పు ఒంటరిగా రాదు. సున్నమో, మెగ్నీషియమో, నైట్రేటో వెంటేసుకుని వస్తుంది. ఇందులో అవన్నీ మామూలుగానే ఉన్నాయి. పెరిగినవి రెండే, సోడియం, క్లోరైడు. అంటే వంటింటి ఉప్పు.

ఆ మాట ఏఈకి ఫోనులో చెప్పాను. చెప్పడం నా విధి. నిలవ నీళ్లు కాబట్టి తాత్కాలికంగా మోటారు దింపి, నీళ్లు తోడించి, నా ఎదుట మళ్లీ పరీక్షించాలని కూడా చెప్పాను. ఆ పెద్దమనిషి రెండో మాట విన్నాడో లేదో గాని, మొదటి మాటను సర్పంచి యాదయ్య ఇంటి ముందు నిలబడి అందరికీ వినిపించాడు. బోరులో ఎవరో ఉప్పు కలిపారట, ప్రయోగశాల మేడమే చెప్పిందట.

ఇంకేముంది! బోరు నడిస్తే ఎవరికి నష్టం? ట్యాంకరు వాడికి. రెండు రెళ్లు నాలుగన్నంత సులువుగా ఊరు లెక్క కట్టేసింది. మళ్లీ పరీక్ష ఏర్పాట్లకు ముందుగా అక్కడికి వెళ్లిన నర్సింలు ఆ సాయంత్రం ఫోను చేసి, ఊరివాళ్లు ఖాజా ట్యాంకరు తాళంచెవి గుంజుకున్నారని, మేడం వచ్చి లెక్క తేల్చాక పోలీసుల దగ్గరికి పోవడమా ఇక్కడే చూసుకోవడమా తేలుస్తామంటున్నారని చెప్పాడు. "జర జల్దీ రండి మేడం, పోరగాళ్లు మంచిగ లేరు" అన్నాడు. నేను చెప్పింది నీళ్ల సంగతి, వాళ్లు విన్నది మనిషి సంగతి.

మర్నాడు పొద్దున మీటరు పెట్టె, ద్రావణాల సీసాలు పట్టుకుని జీపులో వెళ్లాను. ఊరంతా మిట్ట మీదే ఉంది. ఏఈ జనరేటరు, మోటారు తెప్పించి దింపిస్తున్నాడు. ఒక పక్కన ఖాజా ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, బక్క మనిషి. పారిపోకుండా అన్నట్టు ఇద్దరు కుర్రాళ్లు అతనికి చెరో వైపు నిలబడ్డారు. మొన్నటి దాకా ఖాజా భాయ్, ఆ రోజు వట్టి 'వాడు'. నన్ను చూసి దండం పెట్టి, "మేడం, నా పిల్లలు గూడ గీ ఊర్ల నీళ్లే తాగాలె గద. నేనెందుకు కలుపుత?" అన్నాడు. చూద్దాం ఉండు అన్నాను.

మోటారు దింపేలోగా అందరినీ అడిగాను, బోరులో ఎవరైనా ఏమైనా వేశారా అని. అందరూ లేదన్నారు, ముక్తకంఠంతో. బోరు పడ్డ రోజు కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ చల్లామని, అంతకు మించి ఏం లేదని యాదయ్య చెప్పాడు. "రాత్రిపూట ఎవడు మూట దెచ్చి పోసిండో వానికే ఎరుక" అని వెనక నుంచి ఎవరో అంటే, తలలన్నీ ఒకే వైపు తిరిగాయి.

జనరేటరు వేశారు. పైపులోంచి నీళ్లు దుమికాయి. బక్కెటులో పట్టి మీటరు ముంచాను. తొమ్మిది వేలు దాటింది. ప్రయోగశాలలో కంటే ఎక్కువ. అంకె చదవగానే జనంలోంచి ఒక మూలుగు వినిపించింది. యాదయ్య అక్కడే కూలబడి, "మల్ల ఆగమైతిమి మేడం" అన్నాడు. ఖాజా మాత్రం మొదటిసారి తల ఎత్తాడు. భూమిలోనే అంత ఉప్పుంటే అతని మీద నేరం లేదు కదా.

అప్పుడు నాకు అర్థమైంది, అంకె ఎటు తూగినా కష్టమేనని. అంకె అలాగే నిలిస్తే ఖాజా బయటపడతాడు, ఊరు ఎండుతుంది. అంకె దిగితే ఊరు గట్టెక్కుతుంది, ఉప్పు పైనుంచి పడిందేనని రుజువవుతుంది, ఖాజా పని అయిపోతుంది. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన ఉద్యోగంలో మీటరు చూడటానికి భయపడటం అదే మొదలు.

పది నిమిషాలకొకసారి కొత్త నీళ్లు పట్టి చూశాను. అడుగున పేరుకున్న ఉప్పు మొదట వచ్చినట్టుంది, రెండోసారి ఏడు వేలకు దిగింది. ఆ తర్వాత నాలుగు వేలు, రెండు వేల ఐదు వందలు. అంకె దిగిన ప్రతిసారీ జనం ఈల వేశారు. ఎవరో ఆడమనిషి నీళ్లు దోసిట్లో పట్టి నోట్లో వేసుకుని, "తియ్యగైతున్నయే!" అని అరిచింది. నీళ్లు తియ్యనైన కొద్దీ ఖాజా ముఖం పాలిపోతూ వచ్చింది. చివరికి ఎనిమిది వందల ఇరవై దగ్గర ఆగింది. మళ్లీ పట్టాను, అదే. మూడోసారీ అదే. వరసగా మూడుసార్లు అంకె కదలకపోతే అది బోరు సొంత నీళ్లని లెక్క.

"నీళ్లు మంచివే. మోటారు బిగించుకోవచ్చు" అన్నాను. ఎవరూ సంతోషించినట్టు లేదు. చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఖాజాకు దగ్గరగా జరిగారు. ఏఈ గొంతు సవరించుకుని, ఉప్పు బయటి నుంచే వచ్చిందని నివేదికలో రాయమని, కేసు పెట్టడానికి అది పనికొస్తుందని అన్నాడు.

ఆడవాళ్ల గుంపులోంచి ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. ఖాజా తల్లి, ఊళ్లో బీబమ్మ అంటారు. నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఉప్పు మా ఇంట్లకెల్లి గూడ పోయింది బిడ్డా. నేనే ఏసిన" అంది.

"సూశిన్రా! ఒప్పుకున్నది!" అని ఒకడు కేక పెట్టాడు. ఖాజా "అమ్మా, నువ్వు ఊకో" అని ఏడుపు గొంతుతో అరిచాడు. ఇక ఎవరి చేయి ముందు లేస్తుందో అన్నట్టుంది. ముసలామె మాత్రం బెదరలేదు. "నజర్ తీసినం గద. ముందు పడ్డ రెండు బోర్లు నజర్ తగిలే ఎండినయంటిరి. అమాసనాడు అందరు తీస్తుంటె నేను గూడ పిడికెడు దొడ్డుప్పు తిప్పి ఏసిన. పిడికెడే. గది గూడ తప్పేనా?" అని నన్నే అడిగింది.

దిష్టి! మా అమ్మ నేను పరీక్షకు వెళ్లినా, కొత్త చీర కట్టినా ఉప్పు తిప్పి నీళ్లలో వేసేది. ఉప్పు కరిగితే దిష్టి కరుగుతుందట. వేశాక వెనక్కి తిరిగి చూడకూడదు, ఎవరితోనూ అనకూడదు, అంటే తీసింది దండగ. పొద్దుటి నుంచి నేను 'ఏమైనా వేశారా' అని అడుగుతున్నాను. దిష్టి తీసినవాళ్ల లెక్కలో అది వేయడం కాదు, తీయడం.

"ఇంకా ఎవరెవరు తీశారు?" అని ఆడవాళ్లను అడిగాను. కొంగులు సర్దుకున్నారు, నేల చూశారు. మొగవాళ్లకు ఆ సంగతే తెలియనట్టుంది, వింతగా చూస్తున్నారు. బీబమ్మ వాళ్ల వైపు తిరిగి ఒక్కొక్కరి ముఖం చూసింది, పేరు మాత్రం ఎవరిదీ ఎత్తలేదు. ఆ నిశ్శబ్దం ఇంకాసేపు సాగితే నేరమంతా ఆ ముసలామె ఒక్క పిడికిట్లో మిగిలిపోతుంది.

అప్పుడు నాకు చేతనైన పని చేశాను. బోరు లోతు, అందులో నిలిచిన నీళ్లు ఏఈని అడిగి, గట్టిగా అందరికీ వినపడేలా లెక్క కట్టాను. "ఈ బోరులో వెయ్యి లీటర్లకు పైనే నీళ్లు నిలుస్తాయి. ఒక పిడికెడు ఉప్పు వేస్తే నా మీటరు నూరో నూటయాభయ్యో కదులుతుంది, అంతే. ఈ అంకె రావాలంటే ఐదారు కిలోలు పడాలి. పిడికెడు చొప్పునయితే యాభై అరవై పిడికిళ్లు. ఊళ్లో ఇళ్లెన్ని?"

"అరవై మీద నాలుగో ఐదో" అన్నాడు యాదయ్య, ఆలోచించకుండా. అన్నాక తనే ఆడవాళ్ల వైపు తిరిగి చూశాడు.

"మూట పోసినా అంతే అయితది గద!" అన్నాడు ఇందాక కేక పెట్టినవాడు. అది నిజమే. మూట పడిందో పిడికిళ్లు పడ్డాయో చెప్పే మీటరు నా పెట్టెలో లేదు.

యాదయ్య భార్య అంజమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కొంగు దించింది. "మూట గాదు, గీట గాదు. నేనేసిన మొదాలు. నేను పిలిస్తెనే బీబమ్మ వచ్చింది" అంది, భర్త వైపు చూడకుండా. వెనక నుంచి ఇంకొకామె, "మేము గూడ ఏసినం" అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. మా కోడలు, మా పెద్దమ్మ, మా ఇంటి నుంచి రెండు పిడికిళ్లు, బాలింత ఉన్నదని ఆమెది గూడ నేనే తిప్పిన, ఇలా తలా ఒకటి. కేక పెట్టిన కుర్రాడి తల్లి అతని వీపు మీద ఒక్కటి చరిచి, "మనింటి ఉప్పు గూడ అండ్లనే ఉందిరా, మూసుకో" అంది. ఒకరిద్దరికి నవ్వొచ్చింది. నేను వెళ్లి జీపు మెట్టు మీద కూర్చున్నాను.

ఇది తెలిసీ అంతసేపు ఎందుకు ఊరుకున్నారని అంజమ్మను తర్వాత అడిగాను. తన పిడికెడుతో బోరు ఉప్పవుతుందని ఎవరికీ తోచలేదట. "మంది మాట ఖాజా మీదికి పోతుంటె, అవుగావచ్చు అనుకున్నం మేడం" అంది. అబద్ధమాడలేదు ఆమె.

తాళంచెవి ఎవరి దగ్గరుందో వెంటనే దొరకలేదు. చేతులు మారి మారి చివరికి ఒక జేబులోంచి వచ్చింది. ఇచ్చినవాడు ఖాజా ముఖం చూడకుండా ఇచ్చాడు. ఎవరూ తప్పయిందనలేదు. ఖాజా తల్లిని చేయి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. మోటారు బిగించేదాకా ఇంకొన్నాళ్లు ట్యాంకరే గతి కాబట్టి, ఆ సాయంత్రం కూడా అతనే వెళ్లి నీళ్లు తెచ్చి పోశాడని నర్సింలు చెప్పాడు. బిందెలు పట్టుకుని అందరూ వచ్చారట.

ఏఈ నివేదికలో బాధ్యుల పేరు రాయమని పట్టుబట్టాడు. అరవై ఇళ్ల పేర్లూ రాయాలంటే నాకు వారం పడుతుందని, కావాలంటే ఆయనే వచ్చి రాసుకోమని చెప్పాను. నిలవ నీళ్ల నమూనా కాబట్టి మొదటి ఫలితం చెల్లదని మాత్రం రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా రెండు పద్ధతులు విడవలేదు. నీళ్లు తోడించకుండా, మూడు రీడింగులు ఒకేలా రాకుండా సీసా నింపనివ్వలేదు. ఇది మా పుస్తకాల్లో ఉన్నదే. రెండోది పుస్తకాల్లో లేదు. 'బోరులో ఎవరేం వేశారు' అని మళ్లీ ఏ ఊళ్లోనూ అడగలేదు. ఆ ప్రశ్నకు జనం తమ చేతులు చూసుకోరు, ఎవరిని చూపించాలా అని చుట్టూ వెతుకుతారు. ఖాజా ఉండగా ఆ ఊళ్లో వాళ్లకు అట్టే వెతకాల్సిన పని కూడా పడలేదు.